జ్వరం రాని రోజు

పోయిన ఆగస్టులో ఒక మంగళవారం మధ్యాహ్నం చెన్నై ఆఫీసులో ఉండగా వణుకు మొదలైంది. తండయార్‌పేటలోని ఇంటికొచ్చి రెండు దుప్పట్లు కప్పుకున్నా పళ్లు టకటకా కొట్టుకున్నాయి. గంట తర్వాత ఒళ్లు పెనంలా కాలింది. 104 డిగ్రీలు. రాత్రికి బనియను పిండేలా చెమట పట్టి జ్వరం దిగిపోయింది. బుధవారం మామూలుగా పనికి వెళ్లాను. గురువారం సరిగ్గా అదే వేళకు మళ్లీ చలి.

వీధి చివరి క్లినిక్‌లో వైరల్ అని పారాసిటమాల్ ఇచ్చారు, రక్తపరీక్ష రాయలేదు. శుక్రవారం హాయిగా ఉండేసరికి నేనూ నమ్మేశాను. శనివారం మళ్లీ వణుకుతుంటే నెల్లూరు నుంచి అమ్మ ఫోన్ చేసింది. "రోజు విడిచి రోజు వస్తోందా? అది చలిజ్వరం నాయనా! ముందు రక్తం చూపించుకో."

నా భార్య వెంటనే కార్పొరేషన్ ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లింది. వేలు పొడిచి గాజు పలక మీద రక్తం పూసి మైక్రోస్కోపులో చూశారు. మలేరియాలో వైవాక్స్ అనే రకం. ప్లేట్‌లెట్లు 82 వేలే ఉండటంతో డెంగీ కూడానేమో అని నాకు ఒకటే టెన్షన్. మలేరియాలోనూ అవి పడిపోతాయని డాక్టరమ్మ చెప్పాక ఊపిరి పీల్చుకున్నాను. వాంతులు, మగత లేవు కాబట్టి ఇంట్లోనే మందులు వాడమన్నారు. ఫాల్సిపారమ్ అనే ఇంకో రకం మలేరియా అయితే మందులే వేరట.

క్లోరోక్విన్ మొదటి రోజు 4 మాత్రలు, రెండో రోజు 4, మూడో రోజు 2. ఎర్ర రక్తకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువుంటే ప్రైమాక్విన్ అనే రెండో మందు ఆ కణాలను పగలగొడుతుందట; పరీక్ష చేసి, ఆ లోపం లేదని తేలాకే అది ఇచ్చారు. నా బరువుకు రోజూ 15 మిల్లీగ్రాములు, 14 రోజులు. మూత్రం నల్లగా వస్తే ఆపేసి వెంటనే రమ్మన్నారు.

అసలు కష్టం అక్కడే. నాలుగో రోజుకే వణుకు పోయింది, ఆకలి వేసింది. ఇక మాత్రలెందుకనిపించింది. రక్తంలో క్రిములు చచ్చినా కాలేయంలో కొన్ని నిద్రపోతుంటాయని, వారాలకో నెలలకో లేచి మళ్లీ జ్వరం తెస్తాయని, ప్రైమాక్విన్ వాటి కోసమేనని డాక్టరమ్మ చెప్పిన మాట నా భార్య మర్చిపోలేదు. రోజూ అన్నం కంచం పక్కనే మాత్ర పెట్టి, మింగేదాకా కదిలేది కాదు. తొమ్మిదో రోజు ఆమె లేకపోతే నేను మానేసేవాణ్ణే.

ఈలోగా మలేరియా సిబ్బంది వచ్చి మేడ మీది ట్యాంకు చూశారు. మూత పగిలి ఉంది. నీటిపైన అడ్డంగా తేలుతున్న లార్వాలను చూపించి, అవి మలేరియా దోమవేనన్నారు. ఇంటి ఓనరమ్మ ఆ సాయంత్రమే కొత్త మూత వేయించింది. నా భార్యకూ పాపకూ రక్తం తీశారు. ఇద్దరికీ ఏమీ లేదని తెలిసిన రోజు అమ్మకు నేనే ఫోన్ చేశాను.