ల్యాబ్‌లో నా లినక్స్ కంప్యూటర్‌కు అనుమతి తెచ్చుకున్న వేసవి

2024 జూన్ మొదట్లో మా యూనివర్సిటీ ఐటీ విభాగం నుంచి మెయిల్ వచ్చింది. క్యాంపస్ నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతి కంప్యూటరూ జూలై నెలాఖరుకల్లా భద్రతా నిబంధనలకు లోబడి ఉండాలి, లేదంటే నెట్‌వర్క్ నుంచి తీసేస్తాం అని. డిస్క్ మొత్తం ఎన్‌క్రిప్ట్ అయి (తాళం లేనిదే ఎవరూ చదవలేని రూపంలోకి మారి) ఉండాలి, సెక్యూరిటీ అప్‌డేట్లు వాటంతటవే పడాలి, బయటి నుంచి వచ్చే కనెక్షన్లను అడ్డుకునే ఫైర్‌వాల్ ఆన్‌లో ఉండాలి, పదిహేను నిమిషాలు ముట్టుకోకపోతే స్క్రీన్ లాక్ అవ్వాలి, మెషీన్ భద్రతను గమనించడానికి వాళ్లిచ్చే ప్రోగ్రాము, సెక్యూరిటీ ఏజెంట్, నడుస్తూ ఉండాలి. విండోస్‌కూ మాక్‌కూ బొమ్మలతో సహా సూచనలు ఇచ్చారు. లినక్స్ వాళ్లకు ఒక్కటే వాక్యం: హెల్ప్‌డెస్క్‌ను సంప్రదించండి.

నేను అమెరికా తూర్పు తీరంలో బయోఇన్ఫర్మాటిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. నా రెండేళ్ల పని అంతా బల్ల కింద ఉన్న ఉబుంటు 22.04 (లినక్స్‌లో ఒక రకం) మెషీన్ మీదే ఉంది. అందులో రోగుల నుంచి సేకరించిన జన్యు డేటా కూడా ఉంది. పేర్లు తీసేసినా అది మనుషుల సమాచారమే. అందుకే నిబంధనల మీద నాకు కోపం రాలేదు. ఎవరైనా ఆ డిస్క్ ఊడదీసి పట్టుకుపోతే మొత్తం చదివేయగలరు అన్న సంగతి నిజానికి నాకే ముందు తట్టాల్సింది. హెల్ప్‌డెస్క్‌లో మాత్రం "విండోస్ వేసుకుంటే సరిపోతుంది కదా" అన్నారు. నేను వాడే ప్రోగ్రాములన్నీ లినక్స్ మీదే నడుస్తాయని చెప్పి, ఏ నిబంధనకు ఏ రుజువు కావాలో రాసిమ్మని అడిగాను. అలా అడగడం తర్వాత చాలా పనికొచ్చింది.

డేటా ఉన్న డిస్క్‌ను అక్కడికక్కడే ఎన్‌క్రిప్ట్ చేసే దారి ఉంది కానీ మధ్యలో కరెంటు పోతే ఏమవుతుందో ఊహించుకుని భయపడ్డాను. మళ్లీ ఇన్‌స్టాల్ చేయడమే మేలనుకున్నాను. బ్యాకప్ తీసే బయటి డిస్క్‌ను కూడా ముందే ఎన్‌క్రిప్ట్ చేశాను. లేకపోతే ఒక తలుపుకు తాళం వేసి ఇంకోటి బార్లా తీసినట్టే. కాపీ చేయడానికి, చేసింది సరిచూడటానికి రెండు రాత్రులు పట్టింది.

డిస్క్‌ను తెరిచే పాస్‌ఫ్రేజ్‌గా, అంటే పొడవాటి పాస్‌వర్డ్‌గా, నాలుగు తెలుగు మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టుకున్నాను. ఇన్‌స్టాల్ అయ్యి రీబూట్ అయ్యాక అది తెరుచుకోలేదు. ద అనే అక్షరానికి డి ఒక్కటే రాశానా, పక్కన హెచ్ కూడా పెట్టానా? త సంగతేమిటి? మనం ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసేటప్పుడు ఒకే మాటను పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా రాస్తాం. స్క్రీన్ మీద అక్షరాలు కనబడవు కాబట్టి ఏది తప్పో తెలియదు. కాగితం మీద అన్ని రకాల స్పెల్లింగులూ రాసుకుని ఒక్కొక్కటే కొట్టుకుంటూ పోతే చివరికి తెరుచుకుంది. ఆ అరగంట టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. వెంటనే ఇంకో పాస్‌ఫ్రేజ్ చేర్చాను. లినక్స్‌లో డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే ఇప్పటి లక్స్ పద్ధతిలో ఒకే డిస్క్‌కు 32 దాకా పెట్టుకోవచ్చు.

పక్క ల్యాబ్‌లో పనిచేసే కరీంనగర్ అక్క ఇది విని, "తమ్ముడూ, హెడర్ బ్యాకప్ తీసుకున్నవా?" అని అడిగింది. డిస్క్‌ను తెరిచే అసలు తాళంచెవి లాక్ చేసిన రూపంలో డిస్క్ మొదట్లో ఉండే ఆ హెడర్‌లోనే ఉంటుంది. అది పాడైతే సరైన పాస్‌ఫ్రేజ్ తెలిసినా లాభం లేదు. ఆ సాయంత్రమే తీసి వేరే చోట దాచాను.

ఫైర్‌వాల్, స్క్రీన్ లాక్ పది నిమిషాల పని. ఏజెంట్ దగ్గర ఆగిపోయాను. ఇన్‌స్టాల్ అయ్యింది కానీ డ్యాష్‌బోర్డులో ఎర్రగానే కనబడేది. కారణం కెర్నల్, అంటే లినక్స్‌కు గుండెకాయ లాంటి భాగం. ఉబుంటు డెస్క్‌టాప్ తనంతట తాను 6.5 కెర్నల్‌కు వెళ్లింది, ఏజెంట్‌కు తెలిసింది 5.15. పాతదానికి మారితే పచ్చగా అయ్యింది. 5.15 కూడా 22.04కు అసలు కెర్నలే, దానికీ సెక్యూరిటీ ప్యాచ్‌లు వస్తూనే ఉంటాయి. అది నిర్ధారించుకున్నాకే మార్చాను.

అంతా అయిందనుకున్నాక జూలై 1న ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి మెషీన్‌లోకి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ పద్ధతికి వాడే ప్రోగ్రాములో) పెద్ద లోపం బయటపడింది. సీవీఈ-2024-6387 అనే నంబరున్న ఆ లోపానికి రిగ్రెషన్ అని పేరు పెట్టారు. 2006లో మూసేసిన రంధ్రమే 2020లో చేసిన ఒక మార్పుతో మళ్లీ తెరుచుకుంది. ఇంటి నుంచి పని చేసుకోవడానికి నేను ఎస్ఎస్‌హెచ్ ఒక్కటి తెరిచి ఉంచాను. అప్‌డేట్ దానంతటదే పడింది. అయినా వారం తర్వాత, నెట్‌వర్క్‌లోని మెషీన్లలో లోపాలు వెతికే యూనివర్సిటీ స్కానర్ నా మెషీన్‌ను ప్రమాదకరం అని రాసి, మూడు రోజుల గడువిచ్చింది.

ఇక్కడే చాలామంది లినక్స్ వాడేవాళ్లు చిక్కుకుంటారు. ఓపెన్ఎస్ఎస్‌హెచ్ వాళ్లు ఆ లోపాన్ని 9.8లో సరిచేశారు. ఉబుంటు మాత్రం కొత్త వెర్షన్‌కు వెళ్లకుండా, ఆ సవరణ ఒక్కటే తీసి తన 8.9లో అతికిస్తుంది. తేడా చివర ఉండే అంకెల్లో మాత్రమే తెలుస్తుంది: 3ఉబుంటు0.10. స్కానర్ 8.9 దాకా చదివి ఆగిపోయింది. నేను మూడు విషయాలు జత చేసి పంపాను: మెషీన్‌లో ఉన్న ప్యాకేజీ పూర్తి వెర్షన్, ఉబుంటు ప్రకటన యూఎస్ఎన్-6859-1లో అదే వెర్షన్ ఉన్న చోటు, ప్యాచ్ తర్వాత ఎస్ఎస్‌హెచ్ సర్వీసు మళ్లీ మొదలైన సమయం. మూడోది ముఖ్యం. ఫైలు మారినా పాత ప్రోగ్రామే మెమరీలో నడుస్తుంటే ప్యాచ్ పడనట్టే. రెండో రోజు ఆ హెచ్చరికను మూసేశారు. జూలై 24న నా మెషీన్‌కు అనుమతి వచ్చింది.

ఒక చిక్కు మిగిలింది. కెర్నల్ అప్‌డేట్ అమలు కావాలంటే రీబూట్ చేయాలి. రీబూట్ అయితే డిస్క్ పాస్‌ఫ్రేజ్ అడుగుతుంది, అప్పుడు ఎవరో ఒకరు కీబోర్డు ముందు ఉండాలి. ఊళ్లో ఉన్నన్నాళ్లూ ప్రతి శుక్రవారం సాయంత్రం నేనే కూర్చుని రీబూట్ చేశాను. ఆగస్టులో తెనాలి వెళ్లేముందు డ్రాప్‌బేర్ అమర్చాను. సిస్టమ్ పూర్తిగా లేవకముందే నడిచే చిన్న ఎస్ఎస్‌హెచ్ సర్వర్ అది. దూరం నుంచే పాస్‌ఫ్రేజ్ ఇవ్వొచ్చు. ఇంకో తలుపు తెరుస్తున్నట్టే కాబట్టి ముందుగా హెల్ప్‌డెస్క్‌కు చెప్పి, నా ఎస్ఎస్‌హెచ్ కీ ఒక్కదానికే, క్యాంపస్ వీపీఎన్ (బయటి నుంచి క్యాంపస్ నెట్‌వర్క్‌లోకి వచ్చే సురక్షిత దారి) లోపలి నుంచే అనుమతి పెట్టాను.

రెండో వారం ల్యాబ్ భవనంలో కరెంటు మరమ్మతు జరిగింది. రాత్రి పదింటికి, అక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర, మా ఇంటి అరుగు మీద కూర్చుని ఒక్కో అక్షరం చూసుకుంటూ పాస్‌ఫ్రేజ్ కొట్టాను. ఈసారి మొదటి ప్రయత్నంలోనే తెరుచుకుంది. ఏజెంట్ పచ్చగా ఉందో లేదో చూసి, ఆపేసిన పనిని మళ్లీ నడపడం మొదలుపెట్టాను.