గద్దెకు వీపు పెట్టి

మేడారం జాతరకు పదకొండు సార్లు పోయాను. సమ్మక్కను ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదు. మా గల్లీలో ఈ మాట చెబితే నవ్వుతారు. గద్దెల దగ్గర డ్యూటీ అంటే తల్లి పక్కనే నిలబడ్డట్టు కదా అంటారు. నిలబడ్డ మాట నిజమే. కానీ బందోబస్తులో ఉన్నవాడి మొహం జనం వైపు ఉండాలి, వీపు గద్దె వైపు. మొక్కు బెల్లం గద్దె మీదికి విసిరితే సగం నా వీపుకే తగిలేది. బెల్లాన్ని అక్కడ బంగారం అంటారు. ఆ బంగారం ఎండకు కరిగి చొక్కాకు అంటుకుని, ఈగలు ముసిరి, ఇంటికి వచ్చాక మూడు నీళ్లు పెడితే గానీ ఖాకీ వదిలేది కాదు.

1984లో కానిస్టేబుల్‌గా చేరాను, 1986లో మొదటి జాతర డ్యూటీ. 2020 ఆగస్టులో ఏఎస్సైగా దిగిపోయాను. కరోనా రోజులు, స్టేషన్ వరండాలో మాస్కులు పెట్టుకునే శాలువా కప్పారు. ఏడాది తిరగకముందే రిటైర్మెంట్ వయసు 58 నుంచి 61 చేశారు. ఆ కడుపుమంట వేరే, ఇప్పుడెందుకు. 2022 జాతర మా ఆవిడ మోకాలు వల్ల తప్పిపోయింది. 2024లో మాత్రం వినలేదు. ఫిబ్రవరి 23, శుక్రవారం, తల్లులిద్దరూ గద్దెల మీద ఉండే రోజే పోవాలంది. ఆ రోజు ఎంత జనం ఉంటారో నాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? చెప్పి చూశాను. "ముప్పై ఏండ్ల మొక్కు. జనం ఉన్నరని ఆపుతమా?" అంది.

ఆ మొక్కు సంగతి నాకు బస్సులోనే తెలిసింది. హనుమకొండలో ఎక్కాం. ఆమెకు జీరో టికెట్, నాకు పైసలు. తొంభైల మొదట్లో నేను ఏటూరునాగారం దిక్కు పనిచేసేవాణ్ణి. మందుపాతరల భయానికి జీపెక్కేవాళ్లం కాదు. లుంగీ కట్టుకుని, మామూలు మనిషిలా ఆర్టీసీ బస్సులో పోయేవాణ్ణి. యూనిఫాం కూరగాయల సంచిలో అడుగున, పైన వంకాయలు. ఆ సంచి సర్దేది ఆమే. ఒకరోజు వంకాయలు పేరుస్తూ మొక్కుకుందట, మనిషి పింఛన్ దాకా ప్రాణంతో ఉంటే నిలువెత్తు బంగారం ఇస్తానని. ఇన్నేళ్లూ నాతో ఒక్క మాట అనలేదు. చెబితే ఫలం పోతుందట.

ములుగుకు ముందు గట్టమ్మ దగ్గర బస్సు ఆగింది. మేడారం పోయే బండి ఏదైనా అక్కడ ఆగి కొబ్బరికాయ కొట్టందే కదలదు. పస్రా దాటాక అడవి. ఆ రోడ్డులో ఏ మలుపులో ఏ డ్యూటీ చేశానో వేళ్ల మీద చెప్పగలను. ఒక సంగతి తలుచుకుంటే నవ్వొస్తుంది. 2016 జాతర వరంగల్ జిల్లాలో జరిగింది, 2018ది జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో, 2020ది ములుగు జిల్లాలో. గద్దెలు అంగుళం కదల్లేదు. మాకే మూడు జిల్లాలు, ముగ్గురు ఎస్పీలు.

జంపన్న వాగులో స్నానం చేశాం. సమ్మక్క కొడుకు జంపన్న కాకతీయుల సైన్యంతో పోరాడి, ఓడి, ఈ సంపెంగ వాగులోనే దూకాడంటారు. ఇదే వాగులో మోకాళ్ల లోతు నీళ్లలో తాడు పట్టుకుని రాత్రంతా నిలబడ్డవాణ్ణి. తల తడవడం మాత్రం ఇదే మొదలు.

ఒడ్డెక్కుతుంటే తప్పిపోయిన పిల్లల కోసం మైకులో పిలుపులు వినపడ్డాయి. కాళ్లు ఆగిపోయాయి. 2002లో నన్ను అలాంటి క్యాంపులో వేశారు. గురువారం పొద్దుగూకే వేళ, చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తెస్తుంటే ఎస్పీ గాలిలోకి తుపాకీ పేల్చి స్వాగతం చెబుతారు. ఆ చప్పుడుకు జనం ఒక్కసారి ఊగుతుంది. ఆ ఊపులో తండ్రి వేలు వదిలిన పిల్ల, నాలుగేళ్లుంటాయేమో.

"మీ నాయిన పేరేంది బిడ్డా?"

"నాయినే."

"మీ ఊరేది?"

"మా ఊరే."

రైటర్ ఏం రాసుకోవాలో తెలియక పెన్ను చెవిలో పెట్టుకున్నాడు. పిల్ల నా టోపీ ఒళ్లో పెట్టుకుని బిస్కెట్లు అందులో దాచుకుంది. నా గొంతు పోయేదాకా మైకులో అరిచాను. శుక్రవారం మధ్యాహ్నానికి తండ్రి వచ్చాడు. చెప్పుల్లేవు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. పిల్లను ఎత్తుకుని, వీపు మీద ఒకటేసి, తర్వాత ఏడ్చాడు. టోపీ అడుగున చీమలు.

అన్నీ అలాంటివే చెబితే అబద్ధమవుతుంది. 1998లో కోడిని చంకన పెట్టుకుని తాడు కిందినుంచి దూరిన ఒక ముసలాయన మణికట్టు మీద లాఠీతో కొట్టాను. వెనక తోపులాట పెరుగుతోంది, ఆ క్షణంలో అది తప్పనిపించలేదు. ఆయన చెయ్యి చూసుకోలేదు, ఎగిరిపోయిన కోడిని చూశాడు. ఆ చూపు మాత్రం ఇప్పటికీ పోలేదు.

బెల్లం దుకాణంలో తక్కెడ మీద కూర్చోబెట్టారు. అప్పట్లో నేను 62 కిలోలు. ముల్లు 84 దగ్గర ఆగింది. మొక్కిన నాటి బరువు చాలదా అన్నాను. "గిప్పుడు ఎంతుంటె గంత. తల్లితోని బేరమా?" అంది. దుకాణపాయన ఆమె పక్షమే చేరాడు, చేరడా మరి!

లైన్లో రెండు గంటలు. గద్దె ముందుకు వచ్చాక ఒక కుర్ర కానిస్టేబుల్ నా భుజం పట్టి తోశాడు. "నడువుండ్రి పెద్దాయనా, ఆగద్దు, నడువుండ్రి!" అచ్చం నా మాటలు, నా అరుపు. నేనూ డిపార్ట్‌మెంటేనని చెప్పరాదా అన్నట్టు మా ఆవిడ మోచేత్తో పొడిచింది. చెప్పలేదు. చెబితే ఒక్క నిమిషం ఆపుతాడు, ఆ ఒక్క నిమిషంలో వెనక ఏమవుతుందో నాకు తెలుసు. బెల్లం విసిరాను. కుర్రవాడి వీపుకు తగిలి కింద పడింది.

బస్సెక్కాక అడిగింది, "కండ్ల నిండ చూసినవా తల్లిని?"

"చూసిన. ఎడమ దిక్కు బారికేడు తాడు ముడి వదులైంది. ఆ పిలగానికి చెప్పి రావాల్సుండె."

ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. తాడ్వాయి దాటేదాకా మాట్లాడలేదు.