పేగు పరీక్షకి వెళ్తే గుండె లయ తప్పింది

కొలనోస్కోపీ, అంటే పెద్దపేగు లోపల కెమెరా గొట్టంతో చూసే పరీక్ష, చేయించుకుందామని బయల్దేరిన మనిషిని, పరీక్ష కాకుండానే ఐసీయూలో చేరాను. ఇప్పుడు బాగున్నాను, అందుకే రాయగలుగుతున్నాను.

పేగు శుభ్రం కావడానికి ముందురోజు సాయంత్రం ప్యాకెట్ పొడి రెండు లీటర్ల నీళ్లలో కలుపుకుని తాగమన్నారు. నాకు బీపీ ఉంది, వేసుకునే మాత్రలో నీరు తీసే మందు కలిసి ఉంటుంది, అది పొటాషియంని కూడా బయటికి పంపేస్తుంది. దానికి తోడు తిండి లేదు, ఆగకుండా విరేచనాలు. ఏ మాత్రలు వాడుతున్నావని ఒక్కరూ అడగలేదు, సోడియం పొటాషియం పరీక్ష రాయలేదు.

అర్ధరాత్రి దాటాక బాత్రూమ్ నుంచి వచ్చి మంచం మీద కూర్చున్నానో లేదో మొదలైంది. దడ నాకు కొత్త కాదు, మెట్లెక్కితే వస్తుంది, కాసేపు కూర్చుంటే పోతుంది. ఇది అలా కాదు, నాలుగుసార్లు గబగబా కొట్టుకుని, ఆగి, మళ్లీ ఇష్టం వచ్చినట్టు. మా ఆయన నా నాడి పట్టుకుని లెక్కపెట్టబోయి "అందట్లేదే" అన్నారు, ఆ గొంతు విన్నాక నాకు కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి. మా అమ్మ పక్షవాతంతో పోయింది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే డ్యూటీలో ఉన్నతను "పరీక్షంటే ఆడవాళ్లకి టెన్షన్ మామూలేనమ్మా, పడుకోండి, పొద్దున్నే రండి" అని పెట్టేశాడు. ఈసీజీ తీయకుండా టెన్షన్ అని ఎలా తెలిసింది బాబూ నీకు?

మా ఆయన ఆగలేదు, వీధి చివర ఆటో అబ్బాయిని నిద్రలేపి దగ్గర్లోని చిన్న నర్సింగ్‌హోమ్‌కి తీసుకెళ్లారు. అక్కడి సిస్టర్ నా మొహం చూసి చీటీ కూడా రాయకుండా ఈసీజీ పెట్టింది, కాగితం చూస్తూనే డాక్టర్‌ని లేపింది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె పైగదులు వణికి లయ తప్పడం. రక్తంలో పొటాషియం 2.9 ఉంది, కనీసం 3.5 ఉండాలి. గుండె పైగదులు సరిగ్గా ముడుచుకోకుండా వణుకుతుంటే లోపల రక్తం నిలిచి గడ్డకట్టొచ్చు, ఆ గడ్డ మెదడుకి వెళ్తే పక్షవాతం అని డాక్టర్ ఓపిగ్గా చెప్పారు. పొటాషియం, మెగ్నీషియం ఎక్కించారు, మర్నాడు మధ్యాహ్నానికి లయ దారిలో పడింది. ఆ సిస్టర్ చల్లగా ఉండాలి. ఎకో (గుండె స్కానింగ్), థైరాయిడ్ అన్నీ చూశారు, రక్తం గడ్డకట్టకుండా కొన్నాళ్లు మాత్రలు వాడాను.

మొదటి ఆసుపత్రికి వెళ్లి అడిగితే "మీ గుండెలో ముందే ఏదో ఉండి ఉంటుంది" అన్నారు పెద్ద డాక్టర్. ఉంటే ఉండనీ, అడిగితే కదండీ తెలిసేది!

బీపీకో గుండెకో మందులు వాడేవాళ్లు ఈ పొడి తాగేముందే మాత్రల పేర్లన్నీ కాగితం మీద రాసి డాక్టర్ చేతిలో పెట్టండి, ఏది వేసుకోవాలో ఏది ఆపాలో ఆయన్నే చెప్పమనండి, సొంతంగా ఆపకండి. పొటాషియం చూడమని నోరు తెరిచి అడగండి.

అన్నవరంలో వ్రతం చేయించుకుని వచ్చాక వేరేచోట కొలనోస్కోపీ చేయించుకున్నాను. మత్తు డాక్టర్ ముందురోజే వచ్చి మాత్రలన్నీ అడిగి రాసుకున్నారు, పరీక్ష జరుగుతున్నంతసేపూ మానిటర్ పెట్టారు. పేగు లోపలి గోడ మీద చిన్న పాలిప్ (కండ పెరుగుదల) ఉంటే తీసేశారు, రిపోర్టులో భయపడాల్సిందేమీ లేదు. ఐదేళ్లకి మళ్లీ రమ్మన్నారు, అక్కడికే వెళ్తాను.