రాత్రి రెండు గంటలకు ఫోన్ ఎవరికి వస్తుంది? నీట్ పీజీ, బ్రాంచి ఎంపికలో నా అనుభవం

ఎంబీబీఎస్ తర్వాత స్పెషలిస్టు సీటు కోసం రాసే నీట్ పీజీకి చదువుతున్న మిత్రులకు,

ముందు ర్యాంకు రానీ, బ్రాంచి సంగతి తర్వాత చూసుకుందాం అని మనలో చాలామంది అనుకుంటాం. మొదటిసారి నేనూ అలాగే అనుకున్నాను. 2023 మార్చి 5న, ఇంటర్న్‌షిప్ డ్యూటీల మధ్య పరీక్ష రాశాను. ర్యాంకు నలభై వేలు దాటింది. ఆ ర్యాంకుకు ఏ కాలేజీలో ఏం దొరుకుతుందో పాత జాబితాలు తిరగేస్తూ కూర్చున్న రాత్రి ఒక సంగతి తెలిసొచ్చింది. ఏ సీటు వస్తుందని వందసార్లు లెక్క వేసుకున్న నేను, ఆ సీటులో చేరాక రోజు ఎలా గడుస్తుందో ఒక్కసారి కూడా ఊహించుకోలేదు.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. జీడితోటలు, కొబ్బరితోటలతో పచ్చగా ఉండే ఆ ఊళ్లలో కిడ్నీ జబ్బు ఇంటింటి కథ. కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. 2023 వేసవిలో మా అమ్మకు కూడా డయాలసిస్ మొదలైంది. నాన్న లేరు, చెల్లి బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. అమ్మను విశాఖపట్నం తెచ్చుకుని ఆసుపత్రికి దగ్గరలో అద్దె ఇల్లు తీసుకున్నాను. మంగళ, గురు, శనివారాలు పొద్దున్న ఆరు గంటలకు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాలి. నాలుగు గంటలు పడుతుంది. ఆ సమయం తప్పితే ఆ కుర్చీ మరొకరిది.

అప్పటిదాకా నాకు జనరల్ సర్జరీ తప్ప వేరే ఆలోచన లేదు. ఇంటర్న్‌గా సర్జరీ వార్డులో గడిపిన రెండు నెలలే ఎంబీబీఎస్ మొత్తంలో నాకు ఇష్టమైన రోజులు. అర్ధరాత్రి వచ్చిన పేగు చిల్లు కేసులో రిట్రాక్టర్ (కోతను తెరిచి ఉంచే పనిముట్టు) పట్టుకుని నిలబడితే అలసట తెలిసేది కాదు. కానీ ఆ యూనిట్‌లో మొదటి ఏడాది పీజీ అన్న ఇంటికి వెళ్లి రెండు రోజులైందని చెప్పడం కూడా అదే వార్డులో విన్నాను. ఆయన దాన్ని ఫిర్యాదులా చెప్పలేదు, లెక్క చెప్పినట్లు చెప్పాడు. ఆ లెక్కలో మా అమ్మ కుర్చీ ఎక్కడ పడుతుందో నాకు తెలియలేదు.

పని, జీవితం మధ్య సమతూకం అంటే తక్కువ పని అని చాలామంది అనుకుంటారు. నాకు గంటలతో పేచీ లేదు. రోజుకు పన్నెండు గంటలైనా చేయగలను, ఏ పన్నెండో ముందే తెలిస్తే చాలు. అందుకే ఏ బ్రాంచి గురించి విన్నా ఒకే ప్రశ్న అడగడం మొదలుపెట్టాను: రాత్రి రెండు గంటలకు కేసు వస్తే ఫోన్ ఎవరికి వస్తుంది, ఆ ఫోన్ ఎత్తడానికి ఎంతమంది ఉన్నారు?

ఈ ప్రశ్న పట్టుకుని తిరిగితే, సులువైన బ్రాంచీలని పేరు పడ్డవన్నీ దూరపు కొండల్లాగే నునుపుగా కనిపించాయని అర్థమైంది. రేడియాలజీనే తీసుకోండి. పగలు చల్లటి గదిలో కూర్చుని రిపోర్టులు రాయడమే పని అనుకుంటాం. పక్షవాతం కేసుకు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపు మందు ఎక్కించాలంటే ముందు సీటీ చూసి రక్తస్రావం లేదని చెప్పాల్సింది రేడియాలజీ పీజీయే. పెద్దాసుపత్రుల్లో రాత్రంతా యాక్సిడెంట్ల స్కాన్లు ఆగవు. ఇక సొంతంగా స్కానింగ్ సెంటర్ పెట్టుకుంటే లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద ప్రతి గర్భిణికీ ఫారం ఎఫ్ నింపాలి, రికార్డులు దాచాలి, ఒక్క గడి ఖాళీగా వదిలినా ఇబ్బందే. యంత్రానికి తెచ్చిన బ్యాంకు అప్పు కిస్తీలు సాయంత్రాలను తినేస్తాయి. అయినా అది మంచి బ్రాంచి కాదని నేను అనను. దాని విశ్రాంతి మనం అనుకునే చోట ఉండదు, అంతే.

చర్మవ్యాధుల విభాగంలో రాత్రి ఫోన్లు తక్కువన్నది నిజమే. కానీ సొంత క్లినిక్ నడిపే ఒక సీనియర్ అక్క చెప్పిందేమిటంటే, ఆఫీసులు వదిలాకే రోగులు వస్తారు కాబట్టి ఆమెకు సాయంత్రాలూ ఆదివారాలూ ఉండవు. పిల్లలు బడి నుంచి వచ్చే వేళకు ఆమె క్లినిక్ తెరుస్తుంది. పాథాలజీలో చాలా కాలేజీల్లో రక్తనిధి రాత్రి డ్యూటీ పీజీలదే. మత్తు విభాగంలో మన సమయం సర్జన్ చేతిలో ఉంటుంది. ఊరి నర్సింగ్ హోముల్లో సిజేరియన్లకు వెళ్లే మత్తు డాక్టరు ఫోన్ దిండు కిందే ఉండాలి. అదే మనిషి పెద్ద ఆసుపత్రిలో షిఫ్టుల పద్ధతిలో చేరితే నిశ్చింతగా నిద్రపోతాడు. ఎమర్జెన్సీ మెడిసిన్ పేరు వింటేనే భయపడతాం కానీ, నా ప్రశ్నకు అక్కడ దొరికిన జవాబు చాలా వాటికంటే బాగుంది. షిఫ్టు అయిపోగానే రోగిని తర్వాతివారికి అప్పగించి ఇంటికి వెళ్లవచ్చు. పండుగ రోజు డ్యూటీ పడినా ఆ సంగతి నెల ముందే తెలుస్తుంది.

క్యాన్సర్‌కు రేడియేషన్ చికిత్స చేసే రేడియోథెరపీ దగ్గర నేను చాలా రోజులు ఆగాను. సోమవారం నుంచి శుక్రవారం వరకు, ఒక్కో రోగికి ఒక్కో సమయం, అన్నీ ముందే రాసిపెట్టి ఉంటాయి. వెన్నుపాము మీద గడ్డ నొక్కినప్పుడో, పుండు నుంచి రక్తం ఆగనప్పుడో తప్ప హడావుడి ఉండదు. ఆ విభాగంలో ఒక మధ్యాహ్నం కూర్చున్నాను. ఏడు వారాలపాటు రోజూ వచ్చే మనుషులు పీజీని పేరు పెట్టి పలకరిస్తున్నారు. వారిలో కొందరు తిరిగి రారని ఆ పీజీకి తెలుసు. అప్పటికే ఇంట్లో నయం కాని జబ్బుతో బతుకుతున్న నేను బయట కూడా అదే బరువు మోయగలనా అని నన్ను నేను ప్రశ్నించుకున్నాను. మోయలేననిపించింది. సైకియాట్రీ గురించి కూడా ఇదే చెబుతాను. గంటలు సర్దుకుంటాయి, కానీ విన్న మాటలు ఇంటికి వెంట వస్తాయి. సమతూకం అన్నప్పుడు గడియారాన్నే కాదు, ఈ బరువును కూడా లెక్కలో వేసుకోండి.

ఇంకొక తేడా కూడా చూడాలి. పీజీ మూడేళ్లు వేరు, ఆ తర్వాతి ముప్పై ఏళ్లు వేరు. మన జిల్లా కేంద్రాల్లో ఎక్కడ చూసినా కింద నర్సింగ్ హోము, పైన ఇల్లు. భర్త జనరల్ ఫిజీషియన్, భార్య గైనకాలజిస్టు. రాత్రి గేటు దగ్గర ఆటో ఆగిందంటే పైన లైటు వెలుగుతుంది. ఆ దంపతులు ఎందరికో ప్రాణం పోశారు, వారంటే నాకు ఎంతో గౌరవం. కానీ అదే గైనకాలజీ చదివి, నలుగురు డాక్టర్లు వంతులవారీగా రాత్రులు పంచుకునే ఆసుపత్రిలో పనిచేస్తున్న నా సహాధ్యాయిని కూడా తెలుసు. వారంలో ఒకటి రెండు రాత్రులే ఆమెవి, మిగతా రాత్రులన్నీ ఇంట్లోనే. బ్రాంచి ఒక్కటే అయినా రెండు బతుకులకూ పోలిక లేదు. కాబట్టి ఆడపిల్లవు, గైనిక్ వద్దు, ఏదైనా తేలికది తీసుకో అని ఇంట్లో అంటే వెంటనే తల ఊపకండి. ప్రసవాల గదిలో నిలబడటం మీకు ఇష్టమైతే, బ్రాంచిని వదులుకునే ముందు దాన్ని ఎలా చేయవచ్చో ఆలోచించండి. రోగులను వదిలి ఉండలేని నా స్నేహితుడొకడు గంటల కోసమే రోగులను చూసే పని లేని నాన్ క్లినికల్ బ్రాంచిలో చేరాడు. సాయంత్రం ఐదుకు ఇంటికి వస్తాడు, వచ్చి దిగులుగా కూర్చుంటాడు.

నేను చేసిన పని ఏమిటంటే, సర్జరీలో నాకు నచ్చింది ఏమిటో ఒక కాగితం మీద విడదీసి రాసుకున్నాను. చేతులతో చేసే పని. ఫలితం కళ్ల ముందు కనబడటం. రోగి బాగుపడి వెళ్లిపోవడం. అర్ధరాత్రి థియేటర్ అని కూడా రాశాను, కాసేపు చూసి కొట్టేశాను. అది నాకు నచ్చినది కాదు, నేను భరించినది. మిగిలిన మూడూ ఎక్కడ దొరుకుతాయని వెతికితే కంటి విభాగం కనిపించింది. కట్టు విప్పిన ఉదయం శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న ముసలాయన గోడ మీది క్యాలెండర్ చదవడం ఒక్కసారి చూస్తే మీకూ అర్థమవుతుంది. ఆ కాగితం రాసింది పరీక్షకు పది నెలల ముందు. అందువల్ల చదువుకు జరిగిన మేలు చిన్నది కాదు. మూడు వేల లోపు ర్యాంకు రాకపోతే అంతా పోయినట్లే అన్న భయం పోయింది. నాకు కావలసింది అంత పైన లేదు.

ఇక చదువు సంగతి. కొత్తగా చెప్పడానికి ఎక్కువ లేదు. పంతొమ్మిది సబ్జెక్టులు, ఒకటే నోట్సు, మళ్లీ మళ్లీ చదవడం. నా గ్రాండ్ టెస్టులన్నీ (పూర్తి నమూనా పరీక్షలు) డయాలసిస్ వార్డు బయట బెంచీ మీదే రాశాను. అమ్మకు నాలుగు గంటలు, పరీక్షకు మూడున్నర. 2024లో పేపరును 40 ప్రశ్నల చొప్పున ఐదు భాగాలు చేసి, ఒక్కో భాగానికి 42 నిమిషాలు ఇచ్చారు. సమయం అయ్యాక వెనక్కి వెళ్లడం కుదరదు. అంతకుముందు తెలియని ప్రశ్నలన్నీ చివరికి వదిలే అలవాటు నాది. దాన్ని మాన్పించుకోవడానికే రెండు నెలలు పట్టింది. ఫోనులో 42 నిమిషాలకు అలారం పెట్టుకుని, మొదటి 30 నిమిషాల్లో అన్ని ప్రశ్నలూ ఒకసారి చూసేసి, మిగిలిన 12 నిమిషాలు గుర్తు పెట్టుకున్న వాటికి ఇచ్చేవాడిని. తప్పుకు ఒక మార్కు పోతుంది, ఒప్పుకు నాలుగు వస్తాయి. రెండు జవాబుల మధ్య ఊగుతున్నప్పుడు ఒకటి పెట్టేయడమే లాభమని నా టెస్టుల లెక్కలు చెప్పాయి.

జూన్ 23న పరీక్ష. చెల్లి సెలవు పెట్టి వచ్చి శనివారం అమ్మను డయాలసిస్‌కు తీసుకెళ్లింది, నేను రాజమహేంద్రవరం చేరుకున్నాను. ఆ రాత్రి లాడ్జి గదిలో ఉండగా పరీక్ష వాయిదా పడిందన్న వార్త వచ్చింది. పక్క గదుల్లో ఎవరో ఏడుస్తున్నారు. తెల్లవారుజామున రైలెక్కాను. తర్వాత వారం రోజులు పుస్తకం తెరవలేదు. ఎవరికైనా అలాంటి దెబ్బ తగిలితే ఆ వారాన్ని పోయినట్లు లెక్క వేయకండి. నాకు ఆ వారమే ఆగస్టు 11 దాకా నడిపించింది. ఈసారి ర్యాంకు తొమ్మిది వేల లోపు వచ్చింది.

ఆ ర్యాంకుకు సర్జరీ కూడా దొరికేలా ఉంది, అసలు పరీక్ష అక్కడే ఎదురైంది. కౌన్సెలింగ్‌లో సీటు ఆప్షన్లు పెట్టే ముందు నాలుగు కాలేజీలకు వెళ్లాను. ప్రొఫెసర్లను కలవలేదు. రాత్రి ఎనిమిది గంటలకు వార్డులో ఉన్న రెండో ఏడాది పీజీలను కలిశాను. మొదటి ఏడాది వారికి చెప్పేంత ఊపిరి ఉండదు, మూడో ఏడాది వారు కష్టాలు మరిచిపోయి ఉంటారు. యూనిట్‌లో ఎంతమంది పీజీలు, నెలలో ఎన్ని రాత్రులు, రాత్రి డ్యూటీ మరుసటి రోజు నిజంగా పంపిస్తారా, ఇంట్లో ఎవరికైనా బాగోలేకపోతే డ్యూటీ మార్చుకునే వీలుందా అని అడిగాను. జాతీయ వైద్య కమిషన్ 2023 పీజీ నియమాల్లో సహేతుకమైన పనిగంటలు, వారానికి ఒక సెలవు, ఏడాదికి 20 క్యాజువల్ సెలవులు అని రాసి ఉంది. వారపు సెలవు పని అవసరాన్ని బట్టి అని కూడా అక్కడే ఉంది. ఆ చివరి మాట ఏ విభాగంలో ఎంత బరువు తూగుతుందో అక్కడి పీజీలే చెప్పగలరు. సీటు మధ్యలో వదిలితే కట్టాల్సిన జరిమానా ఎంతో, ఆ రాష్ట్ర నోటిఫికేషన్‌లో ముందే చదవండి. చేరాక చూసుకుందామనుకునే సంగతి కాదది.

ఇప్పుడు రెండో ఏడాదిలో ఉన్నాను. కంటి విభాగంలో రాత్రులు ఉండవని మీకెవరైనా చెబితే నమ్మకండి. నేత్రదానం ఫోన్ వస్తే మరణం తర్వాత ఆరు గంటల లోపు కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) తీసుకోవాలి. ఏడుస్తున్న మనుషుల మధ్య, ఒక్కోసారి నేల మీద మోకాళ్లు వేసి, టార్చి వెలుగులో ఆ పని చేశాను. నెలలు నిండకుండా పుట్టిన పసికందుల రెటీనా పరీక్షకు ఆదివారమైనా వెళ్లాలి. దీపావళి రాత్రి క్యాజువాలిటీలో కూర్చుని, టపాసు తగిలి కన్ను చిరిగిన తొమ్మిదేళ్ల పిల్లాడి చెయ్యి పట్టుకున్నాను. కానీ దీపావళి నాదేనని నాకు నెల ముందే తెలుసు. ఆ రోజు అమ్మ దగ్గర ఉండటానికి పిన్నిని పిలిపించుకున్నాను. మంగళ, గురు, శనివారాలు ఆరింటికి అమ్మను దింపి ఏడున్నరకు వార్డులో ఉంటాను. పదింటికి పిన్ని ఆటోలో ఇంటికి తీసుకెళుతుంది. ఈ ఏర్పాటు తప్పిన రోజులు ఇప్పటివరకు ఆరో ఏడో.

సర్జరీ థియేటర్ ముందు నుంచి వెళ్తున్నప్పుడు ఇంకా కాళ్లు ఒక్క క్షణం ఆగుతాయి. ఆ ఇష్టం పోయిందని మీకు అబద్ధం చెప్పను.

వచ్చే సెమిస్టరులో, జిల్లా ఆసుపత్రిలో పనిచేసే మూడు నెలల జిల్లా రెసిడెన్సీ ఉంది. శ్రీకాకుళం జిల్లాలో వేయమని రాసిచ్చాను. అక్కడైతే మన ఇంట్లోనే ఉండి డయాలసిస్‌కు వెళ్లవచ్చు కదా అని అమ్మ రోజూ అడుగుతోంది.