ఊ కొట్టనివాళ్లకు కథ చెప్పడం

మనవాళ్లకు కథ చెప్పేటప్పుడు ఎదుటివాళ్లు ఊ కొట్టకపోతే మాట సాగదు. బ్రిటన్‌లో కేర్ హోముల్లో, స్పెషల్ స్కూళ్లలో పనికి చేరిన తెలుగువాళ్లు ఆటిజం ఉన్నవాళ్ల ముందు తడబడేది ఇక్కడే. వినట్లేదనుకుని గొంతు పెంచుతాం, మాటలు మారుస్తాం. వాళ్ల ఊ ఒక్కోసారి వేళ్లలో ఉంటుంది, ఒక్కోసారి ఊగుతూ ఊగుతూ ఆగిపోవడంలో ఉంటుంది.

ఇక్కడ వాడే సెన్సరీ స్టోరీలో (మాటతో పాటు తాకి, చూసి, విని అందుకునే కథలో) వాక్యాలు 8, 10కి మించవు. వాక్యానికో వస్తువు. వాన కథే తీసుకోండి: మబ్బుకు తల మీదుగా మెల్లగా లాగే బూడిదరంగు బట్ట, గాలికి అట్టముక్క, చినుకుకు స్ప్రే సీసా (ముందు మన చేతి మీద కొట్టి చూపించాకే వాళ్ల చేతి మీద, మొహం మీద ఎప్పుడూ వద్దు), ఉరుముకు బేకింగ్ ట్రే. వాక్యం చెప్పి, వస్తువు అందించి, మనసులో 10 దాకా లెక్కపెట్టాలి. కొందరికి 30 కూడా చాలదు. ఈలోగా ఇంకో మాట అన్నామా, మొదటి మాటను అందుకునే పని వాళ్లకు మళ్లీ మొదటికొస్తుంది. ఇంగ్లిషులో చెబుతున్నామని యాస గురించి బెంగ వద్దు, వేగం తగ్గిస్తే చాలు.

వాళ్ల చెయ్యి పట్టి వస్తువు మీద పెట్టకూడదు. మన చెయ్యి కింద ఉంచి, వాళ్లది పైకి రానివ్వాలి. తోసేస్తే అదీ జవాబే.

నాలుగైదు వారాలు అదే కథ, అవే మాటలు, అదే వరుస. మనకు విసుగొచ్చే వేళకు వాళ్లకు కథ పట్టుబడుతుంది. బుర్రకథలో వంతలు తందానా అందుకున్నట్టు, బట్ట తీయకముందే తల వంచేవాళ్లుంటారు. ఎవరైనా టీవీ ప్రకటనలో మాటే పదేపదే అంటుంటే ఆపకండి, కథలో ఉరుము వచ్చే చోట ఆ మాటనే అననివ్వండి.

మొదలుకూ ముగింపుకూ ఒకే గుర్తు ఉండాలి. షేక్‌స్పియర్ నాటకాలతో ఆటిజం ఉన్న పిల్లలకు ఆటలు కట్టిన నటి కెల్లీ హంటర్ పద్ధతిలో, అందరూ గుండ్రంగా కూర్చుని గుండె లయలో ఛాతీ తడుతూ హలో చెప్పుకుంటారు. చివర్లోనూ అదే లయ. అయిపోయిందని తెలియకపోతే తర్వాత పనికి కదలడం వాళ్లకు చాలా కష్టం.

చాలాసార్లు గదే కథను చెడగొడుతుంది: ట్యూబ్‌లైట్ రొద, మన సెంటు వాసన, పక్కన సిబ్బంది కబుర్లు. ముందు కేర్ ప్లాన్ (ఆ మనిషి అవసరాలు, జాగ్రత్తలు రాసి ఉంచిన పత్రం) చదవండి. మూర్ఛ ఉంటే మిణుకుమనే లైట్లు, లేటెక్స్ పడకపోతే బెలూన్లు, నోట్లో పెట్టుకునే అలవాటుంటే చిన్న వస్తువులు ప్రమాదం.

డైలీ నోట్సులో "కథ ఆనందించారు" అని రాస్తే తర్వాత షిఫ్టువాళ్లకు ఏమీ అందదు. "మబ్బు వాక్యం దగ్గర ఊగడం ఆపి, 12 సెకన్లకు బట్ట అంచు పట్టుకున్నారు" అని రాయండి.