సెల్లార్ లేని ఇంటికి ప్లాన్: ముందు స్టోర్, తర్వాతే హాల్

రాత్రిళ్ళు అందరూ పడుకున్నాక గీసుకుంటున్న మా కొత్త ఇంటి ప్లాన్ ఎంతవరకు వచ్చిందో రాసిపెడుతున్నాను. ముందు గ్రాఫ్ పేపరు, పెన్సిలు, రబ్బరు. కాస్త కుదిరిందనిపించాక స్వీట్ హోమ్ త్రీడీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తాను. పునాదులు, ఇనుము, స్లాబు లెక్కలు ఇంజినీరు చూసుకుంటారు, వాటి జోలికి నేను పోను. ఏ గది ఎక్కడ, తలుపు ఎటు తెరుచుకోవాలి, ఏ సామాను ఎక్కడ పెట్టాలి, అంతవరకే నా సరదా. ఉండబోయేది ఆరుగురం: మేమిద్దరం, పిల్లలిద్దరు, అమ్మ, నాన్న.

సెల్లార్ ఎందుకు వదిలేశాం

స్థలంలో గుంట తవ్వించి చూస్తే వానాకాలంలో నీళ్ళు ఆరడుగుల లోతుకే వచ్చేస్తున్నాయి. సెల్లార్ గచ్చు తొమ్మిది, పదడుగుల కింద ఉంటుంది. అంటే గచ్చు మీద మూడడుగులకు పైగా నీటి ఒత్తిడి. ఒక మీటరు ఎత్తు నీళ్ళు చదరపు మీటరుకు టన్ను బరువుతో కింది నుంచి పైకి నెడతాయి. దాన్ని తట్టుకోవాలంటే మందపాటి కాంక్రీటు, వాటర్‌ప్రూఫింగ్, ఆపైన ఊట నీళ్ళు తోడే పంపు. నాన్న ఒక్క మాటలో తేల్చేశారు: "కరెంటు పోయిన రాత్రి ఆ పంపు ఎవడు తిప్పుతాడ్రా?"

బాగా చలి ఉండే దేశాల్లో సెల్లార్ మామూలు విషయం కావడానికి కారణం వేరే ఉంది. అక్కడ శీతాకాలంలో నేల గడ్డకట్టి ఉబ్బుతుంది కాబట్టి పునాదిని ఆ లోతు దాటించి దించాలి. ఎలాగూ అంత తవ్వాక ఇంకొంచెం తవ్వితే ఒక గది వచ్చేస్తుంది. ఆ అవసరం లేనిచోట పట్టుబట్టి సెల్లార్ కట్టుకోవడంలో నాకైతే అర్థం కనబడలేదు.

సామాన్ల లెక్క

సెల్లార్ ఉంటే "అది కిందపెడదాంలే" అని దాటేసే వస్తువులు చాలా ఉంటాయి. వాషింగ్ మెషీన్, గీజరు, ఇన్వర్టర్ బ్యాటరీలు, నిచ్చెన, సూట్‌కేసులు, పిల్లలు వాడేసిన సైకిళ్ళు, డ్రిల్లింగ్ మెషీన్, రంగు డబ్బాలు. కింద గది లేనప్పుడు ఇవన్నీ పైనే ఉండాలి. హాలు, బెడ్‌రూములు గీసేశాక మిగిలిన మూలల్లో వీటిని ఇరికిద్దామంటే మూలలు చాలవు. అందుకే నేను హాలుతో మొదలుపెట్టలేదు. టేపు పట్టుకుని ఇప్పుడున్న ఇంట్లో సామాన్లు కొలిచాను, వాటిని మూడుగా విడగొట్టాను: వారం వారం చేతికి అందాల్సినవి, ఏడాదికోసారి దింపేవి, అసలు ఎందుకుంచామో తెలియనివి. మూడోదాని గురించి ఇంట్లో చర్చ ఇంకా నడుస్తోంది.

వారం వారం తీసేవాటికి వంటింటి పక్కనే స్టోర్. లోపలి కొలత 5 అడుగుల 6 అంగుళాల వెడల్పు, 8 అడుగుల పొడవు. రెండు పక్కలా 16 అంగుళాల లోతు అరలు పోగా మధ్యలో 34 అంగుళాల దారి మిగులుతుంది, మనిషి వంగి కింది అరలో డబ్బా తీయడానికి అది చాలు. తలుపుకి ఎదురుగా ఉన్న గోడకు మాత్రం రెండడుగుల లోతు అరలు. పెద్ద సూట్‌కేసు 30 అంగుళాల పొడవు, 20 వెడల్పు, 12 మందం ఉంది, దానికి అంత లోతు కావాలి. అన్ని అరలూ రెండడుగులు చేస్తే ఎక్కువ పడతాయి కదా అంది మా ఆవిడ. పడతాయి, కానీ వెనక వరుసలోకి వెళ్ళినవి మళ్ళీ ఇల్లు మారినప్పుడే కనబడతాయి. పక్క అరలు ఆరేసి అడుగుల చొప్పున, ఒక్కోవైపు ఐదేసి వేస్తే మొత్తం 60 అడుగుల అర వస్తుంది.

ఏడాదికోసారి దింపేవి నడవా మీద అటకలోకి వెళ్తాయి. అటక అడుగుభాగం ఏడడుగుల ఎత్తులో ఉంటుంది. తేలికైనవి మాత్రమే అక్కడ. అమ్మ, నాన్న నిచ్చెన ఎక్కాల్సిన అవసరం రాకూడదన్నది ఇంట్లో అందరూ ఒప్పుకున్న ఒకే ఒక రూలు.

ఇన్వర్టర్ బ్యాటరీలను స్టోర్‌లో పెట్టడం లేదు. లెడ్ యాసిడ్ బ్యాటరీలు చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతాయి, మూసిన గదిలో అది ప్రమాదం. అవి యుటిలిటీలో, అంటే బట్టలుతికే గదిలో, గాలి ఆడే జాలీ కిటికీ పక్కన. కరెంటు బోర్డు కూడా అక్కడే, దాని ముందు మూడడుగులు ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. అక్కడ మాప్‌కర్ర కూడా ఆనించకూడదని ప్లాన్ మీద ఎర్ర సిరాతో రాశాను.

తడి గోడ

ఇది బాగా తలనొప్పి పెట్టిన భాగం, నాకు బాగా నచ్చిన భాగం కూడా.

కింద సెల్లార్ ఉంటే పైపులు దాని కప్పుకి వేలాడుతూ కనబడతాయి, లీకైతే నిచ్చెన వేసుకుని చూసుకోవచ్చు. మన పైపులు గచ్చు కింద మట్టిలో ఉంటాయి. రిపేరు వస్తే టైల్స్ పగలగొట్టాల్సిందే. అందుకని గచ్చు కింద పైపు ఎంత తక్కువ పోతే అంత మంచిది. వంటిల్లు, యుటిలిటీ, కింది బాత్‌రూమ్ మూడింటినీ ఒకే గోడకు అటూ ఇటూ తెచ్చాను, తడి గోడ అంటున్నది దీన్నే. పై అంతస్తు బాత్‌రూమ్ సరిగ్గా దీని నెత్తిన. పైపులన్నీ ఆ గోడ వెంట ఉన్న డక్ట్‌లో, అంటే పైపుల కోసం వదిలిన నిలువు సందులో దిగుతాయి, డక్ట్‌కి బయటివైపు నుంచి తలుపు.

పాత డ్రాఫ్ట్‌లో బాత్‌రూమ్ ఇంటి వెనక మూలన ఉండేది. అక్కడి నుంచి ముందున్న ఛాంబర్‌కి, అంటే మురుగునీళ్ళు చేరే తొట్టికి 40 అడుగులు. డ్రైనేజీ పైపుకి అడుగుకి పావు అంగుళం వాటం ఇవ్వాలి, అంటే 10 అంగుళాలు దిగాలి. ఛాంబర్ లోతు మన చేతిలో లేదు కాబట్టి ఇంటి మట్టమే ఆ మేరకు పెంచాలి. తడి గోడని పక్కకి జరిపాక దూరం 22 అడుగులకి తగ్గింది, వాటం ఐదున్నర అంగుళాలతో సరిపోయింది. నాలుగున్నర అంగుళాలు మిగిలాయి. ఏముంది నాలుగున్నర అంగుళాలే కదా అనిపిస్తుంది, కానీ ర్యాంపు దగ్గరికి వచ్చేసరికి దాని విలువ తెలిసింది.

నాన్నకి మోకాళ్ళ నొప్పులు. రేపు చక్రాల కుర్చీ అవసరం పడినా ఇంట్లోకి రాగలగాలి. ర్యాంపుకి 1:12 వాలు అంటారు, ఒక అంగుళం ఎక్కడానికి ఒక అడుగు పొడవు. ప్లింత్ (ఇంటి గచ్చు కింద నేల మీంచి లేపే అరుగు) ఎత్తులో తగ్గిన నాలుగున్నర అంగుళాలు ర్యాంపులో నాలుగున్నర అడుగులు తగ్గించాయి. ఇప్పుడు ప్లింత్ నేల మీద 18 అంగుళాలు. కారు పెట్టే చోటు గచ్చు ఎలాగూ 6 అంగుళాలు లేపుతున్నాం కాబట్టి అక్కడి నుంచి ర్యాంపు 12 అడుగులే, పక్క గోడ వెంట వచ్చేస్తుంది. ప్లింత్‌ని ఇంకా దించేద్దామా అని ఆశ పుట్టింది గానీ వాన నీళ్ళు, చెమ్మ, చెదలు గుర్తొచ్చి ఆగిపోయాను. చెదల మందు పీసీసీ (ఇనుము లేకుండా అడుగున పోసే కాంక్రీటు) వేయకముందే కొట్టించాలి, ఆ తర్వాత చేసే పని సగం పనే.

వేడినీళ్ళ లెక్క కూడా ఇక్కడే తేలింది. ముప్పావు అంగుళం పైపు అడుగుకి దాదాపు 0.087 లీటరు పడుతుంది. గీజరుకి, కుళాయికి మధ్య 40 అడుగులుంటే మూడున్నర లీటర్ల చల్లనీళ్ళు పోయాకగానీ వేడినీళ్ళు రావు. నిమిషానికి 6 లీటర్లు వచ్చే కుళాయి దగ్గర అర నిమిషం పైనే నిలబడాలి. గీజరు తడి గోడ మీదికి వచ్చాక ఆ దూరం 10 అడుగుల లోపే.

పైపులు వేశాక, మట్టి కప్పకముందు, టేపు పక్కన పరిచి ఫొటోలు తీయాలి. దీన్ని ప్లంబరుకి వదిలేయను.

మెట్ల కింద

అంతస్తు నుంచి అంతస్తుకి 10 అడుగుల 6 అంగుళాలు, అంటే 126 అంగుళాలు. మెట్టు ఎత్తు 7 అంగుళాలు పెడితే 18 ఎత్తులు. మధ్యలో మలుపు ఉన్న మెట్లయితే ల్యాండింగ్ 63 అంగుళాల ఎత్తులో వస్తుంది. స్లాబు మందం, ప్లాస్టరింగ్ పోతే దాని కింద 4 అడుగుల 8 అంగుళాలే మిగులుతుంది. అక్కడ చిన్న టాయిలెట్ పెట్టుకోవచ్చని చాలామంది సలహా ఇస్తారు, అందులో నిలబడి చూడమనాలి వాళ్ళని. మాకు అక్కడ సైకిళ్ళు, నిచ్చెన, పనిముట్ల పెట్టె. సొరుగులు చేయిస్తే లోపలికి పాకాల్సిన పని ఉండదు.

తిన్నగా ఒకే వరుసలో వేస్తే మెట్ల పొడవే 14 అడుగులు దాటుతుంది, కింద చివరి నాలుగడుగుల్లోనే మనిషి నిలబడగలడు. కొట్టేశాను.

చాక్‌పీసు పరీక్ష

కాగితం మీద అన్ని గదులూ విశాలంగానే కనబడతాయి. అందుకే ఇప్పుడుంటున్న బిల్డింగ్ డాబా మీద కింది అంతస్తు మొత్తాన్ని అసలు కొలతలతో గీశాం. పిల్లలు సుద్దముక్కలు, నేను టేపు. వాషింగ్ మెషీన్ బదులు రెండడుగుల అట్టపెట్టె పెట్టి, వెనక పైపుకి 4 అంగుళాలు వదిలాం. అమ్మ బట్టల బుట్ట చంకన పెట్టుకుని యుటిలిటీ గీతల్లోకి నడిచి, మెషీన్ ముందు గొంతుక్కూర్చుంది. "ఇదిగో, నేనిలా కూర్చున్నప్పుడు ఎవరైనా తలుపు తోస్తే నా వీపుకే కదరా తగిలేది" అంది.

నిజమే. మెషీన్ ముందు మూడడుగులు ఉన్నాయని నేను సంబరపడుతున్న జాగాలోకే తలుపు రెక్క వచ్చి పడుతోంది. దాన్ని పక్కకి జరిగే తలుపుగా మార్చాను. అది జరిగేవైపు గోడలో స్విచ్‌లు పెట్టలేం కాబట్టి అవి ఇవతలి గోడకి మారాయి.

అమ్మానాన్నల గది, వాళ్ళ బాత్‌రూమ్ తలుపులు చట్రంతో మూడడుగుల పైన, రెక్క తెరిచాక నికరంగా 32 అంగుళాల ఖాళీ ఉండేట్టు చూశాను. బాత్‌రూమ్ లోపల కుర్చీ తిరగడానికి ఐదడుగుల వలయం పట్టింది, వాష్‌బేసిన్‌ని మూలకి నెట్టాక. నడవా 4 అడుగులు. మంచానికి రెండు పక్కలా రెండున్నర అడుగుల దారి, నాన్నవైపు మూడు.

ఇంకా తేలనివి

నా పనిబల్ల ఎక్కడ అన్నది తేలలేదు. కారు పెట్టే చోటు వెనక గోడకి మడిచే బల్ల బిగిస్తే 5 అడుగుల పొడవు వస్తుంది, కానీ కారు బయటికి తీస్తేగానీ పని మొదలవదు. మా ఆవిడకి ఇందులో ఇబ్బందేమీ కనబడటం లేదు.

పై అంతస్తు బాత్‌రూమ్‌కి సన్‌కెన్ స్లాబు (పైపులు పట్టేలా కిందికి దించి వేసే స్లాబు) ఎంత లోతు కావాలో ఇంజినీరుని అడగాలి, దాన్నిబట్టి కింద వంటింటి కప్పు ఎత్తు మారొచ్చు. వచ్చే ఆదివారం డాబా మీద అవే గీతల్లో స్విచ్‌బోర్డులు, ప్లగ్ పాయింట్లు గుర్తుపెట్టబోతున్నాం. వాన పడితే గీతలు మళ్ళీ గీయాలి, కొలతలన్నీ నోట్‌బుక్‌లో ఎక్కించే ఉంచాను.