దేవుళ్ల వరసలో దొర

కోనసీమలో దేవుళ్ల పటాల వరసలో ఓ తెల్లదొర కూడా ఉండే ఇళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. మా పుట్టిల్లు అందులో ఒకటి. వేంకటేశ్వరుడు, లక్ష్మీదేవి, ఆ పక్కన గుర్రమెక్కిన సర్ ఆర్థర్ కాటన్, గోదావరికి ఆనకట్ట కట్టించిన దొర. ఆ బొమ్మ ఎవరు వేశారో ఇంట్లో ఎవరికీ పట్టదు. ఎరువుల కొట్టు క్యాలెండర్‌లోంచి కత్తిరించి నాన్న ఫ్రేము కట్టించాడు, అంతే. శుక్రవారం పటాలు తుడిచి బొట్లు పెట్టేటప్పుడు అమ్మ దొరగారినీ వదలదు.

డాలస్‌లో పెరుగుతున్న మా అమ్మాయికి ఇది మింగుడుపడలేదు. బొమ్మ కనబడగానే ఎవరు వేశారు, ఎవరు డబ్బిచ్చారు, ఎవరి గొప్ప చాటడానికి అని అడగమంటారు అక్కడి బళ్లో. మంచి ప్రశ్నలే. మా అమ్మ జవాబు మాత్రం ఇంకో వైపు నుంచి వచ్చింది. "ఆనకట్ట లేనప్పుడు ఇక్కడ కరువొస్తే జనం పిట్టల్లా రాలిపోయేవారే. ఆయన పుణ్యానే నాలుగు మెతుకులు తింటున్నాం." 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టకి ఈస్టిండియా కంపెనీ డబ్బు పెట్టింది శిస్తు పెరుగుతుందనే కదా అని నేను మధ్యలో దూరాను. "శిస్తు వాళ్లు పట్టుకుపోయారు, నీళ్లు మనకి మిగిలాయి" అంది అమ్మ.

ఆ వారంలోనే రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్లాను. 28 ఏళ్లు నిండకుండానే, 1925లో మశూచితో పోయాడాయన. గోదావరినీ తూర్పు కనుమలనీ అంత ప్రేమగా వేసిన చెయ్యి! ఇక్కడ బొట్టూ దండా లేవు, వేసినవాడి పేరుంది. పిల్లకి తన బడి చదువు పనికొచ్చే చోటు దొరికింది. తీరా చూస్తే ఆయన్ని బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్‌కి పంపింది కూడా ఓ దొరే, ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే. "మళ్లీనా!" అని నవ్వింది.

అనుమానంగా చూడ్డం దానికి అక్కడి బడే నేర్పుతుంది, నా అవసరం లేదు. తిన్న అన్నాన్ని తలుచుకుంటూ చూడ్డం అమ్మ దగ్గర తప్ప ఇంకెక్కడ దొరుకుతుంది? అందుకే వాళ్లిద్దరి వాదనకి నేను అడ్డుపడను.

బయల్దేరే ముందు అడిగేసింది. "అమ్మమ్మా, మరి కాలవలు తవ్వినవాళ్ల బొమ్మేదీ?"

"వాళ్లని డబ్బిచ్చి గీయించేదెవరే?" అంది అమ్మ.

ఇప్పుడది తనే వేస్తానంటోంది. అప్పటి కూలీలు మట్టి తట్టల్లో మోశారా, కావిళ్లలోనా అని వారం వారం అమ్మకి ఫోను. అమ్మ ఊళ్లో పెద్దవాళ్లని పట్టుకుని అడుగుతోంది.